మునిగిపోయే ఆట: భయపడిన పిల్లలతో ఎలా ఆడాలి

నాకు ఎనిమిదేళ్ళప్పుడు, దివిసీమ ఉప్పెన వచ్చి వెళ్ళిన నెల తర్వాత, మా ఊరి పిల్లలం ఒక ఆట కనిపెట్టాం. ఒకళ్ళు కళ్ళు మూసుకుని పడుకోవాలి. ఇద్దరు కాళ్ళూ చేతులూ పట్టుకుని మోసుకెళ్ళాలి. ఇంకొకళ్ళు ముక్కుకి గుడ్డ కట్టుకుని "ఇంకా ఎంతమంది ఉన్నారు?" అని అడగాలి. అంతే ఆట. గెలవడం, ఓడడం ఏమీ లేదు. రోజూ ఆడేవాళ్ళం. ఒకరోజు మా నాయనమ్మ కంటపడ్డాం. తుమ్మ బరికె తీసుకుని పిక్కల మీద వాతలు తేలేలా కొట్టింది. "శవాల ఆటా? ఇంట్లో ఇంకెవరైనా పోవాలనా?" అంది. ఆ తర్వాత ఆడలేదు. నాకు మాత్రం పెళ్ళయ్యేదాకా గాలి గట్టిగా వీచిన రాత్రి నిద్రపట్టేది కాదు.

అది 1977. నవంబరు 19 ఉప్పెన. నాయనమ్మని తప్పు పట్టను, ఆవిడ భయం ఆవిడది. కానీ 2024 సెప్టెంబరు 1, ఆదివారం, బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్ళు మునిగాయి కదా, నీళ్ళు తీశాక అక్కడి పిల్లలు ఆడే ఆటలు చూస్తుంటే నాకా తుమ్మ బరికె గుర్తొచ్చింది. ఒక పిల్ల బకెట్లో చెంచాలు ఒక్కొక్కటిగా ముంచుతోంది. ఇంకొకడు మంచమెక్కి "బోటు రాలేదు, బోటు రాలేదు" అని అరుస్తున్నాడు. వాళ్ళమ్మలు "ఆపండ్రా, అపశకునం" అని కసురుతున్నారు.

ఆపొద్దని చెప్పడం తేలికే. ఆపకుండా పక్కన కూర్చుని ఏం చేయాలి అన్నదే కష్టం. అది చెబుదామనే రాస్తున్నాను.

నేను డాక్టర్ని కాదు. ఇరవై రెండేళ్ళు ఎలిమెంటరీ స్కూల్లో ఒకటీ రెండూ తరగతులకి చెప్పాను. తర్వాత సైకాలజీ చదివి, ప్లే థెరపీ, అంటే ఆటతో చేసే చికిత్స నేర్చుకుని పిల్లల కౌన్సెలర్‌నయ్యాను. వరద తర్వాత ఏడాది పాటు వారానికి రెండు రోజులు సింగ్‌నగర్‌లో ఒక మేడ మీద గదిలో కూర్చున్నాను. కింద చెప్పే పిల్లాడు ఒక్కడు కాదు, ముగ్గురు నలుగురి సంగతులు కలిపి ఒకడిగా చేశాను. వాణ్ణి బుడ్డోడు అందాం. ఐదేళ్ళు.

ముందు అన్నం, నిద్ర

నీళ్ళు తగ్గిన మూడో రోజుకే బొమ్మల సంచీతో దిగిపోయిన వలంటీర్లని చూశాను. మంచివాళ్ళే, కానీ తొందర. మొదటి వారాల్లో పిల్లలకి కావలసింది పొడి బట్ట, వేళకి అన్నం, పక్కన అమ్మో నాన్నో, రాత్రి పడుకోవడానికి రోజూ ఒకే చోటు, వీలైనంత త్వరగా బడి. టీవీ కట్టేయండి. "గేట్లు ఎత్తేశారట", "మళ్ళీ గండి పడిందట" అని మీరు మాట్లాడుకుంటుంటే గోడ వైపు తిరిగి పడుకున్న పిల్లాడు నిద్రపోతున్నాడనుకోకండి.

మొదటి నెల పక్క తడపడం, మానేసిన బొటనవేలు మళ్ళీ నోట్లో పెట్టుకోవడం, అమ్మ బాత్రూమ్‌కి వెళ్ళినా కొంగు వదలకపోవడం, స్నానానికి చెంబు ఎత్తగానే గుక్కపెట్టడం, ఊరికే కడుపునొప్పి అనడం, ఇవన్నీ మామూలే. చాలామందికి వాటంతటవే సర్దుకుంటాయి. నెల దాటినా తగ్గకపోయినా, రోజురోజుకీ పెరుగుతున్నా, ఇంట్లో ఆట ఒక్కటే చాలదు. ఎవరి దగ్గరికి వెళ్ళాలో తర్వాత చెప్తాను. దిష్టి తీశారా, తాయెత్తు కట్టించారా అని నేనెవర్నీ ఎగతాళి చేయను. ఉప్పూ మిరపకాయలూ గుప్పిట్లో పట్టుకుని అమ్మ ఒక్క నిమిషమైనా పిల్లాడి చుట్టూనే తిరుగుతుంది, ఆ నిమిషం వాడికి మంచిదే. దాంతో సరిపెట్టేయకండి, అంతే.

ఒక పని మాత్రం అస్సలు చేయకండి. చుట్టాలొచ్చినప్పుడు "బాబాయికి చెప్పు నాన్నా, నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో" అని రైమ్ చెప్పించినట్టు చెప్పించకండి. ఒకచోట పిల్లలందర్నీ కూర్చోబెట్టి "వరద బొమ్మ గీయండి" అన్నారు. గీసినవి గోడకి అంటించి, వాటి ముందు పిల్లల్ని నిలబెట్టి ఫోటోలు తీశారు. ఆ రాత్రి తమ పిల్లలు ఉలిక్కిపడి లేచి ఏడ్చారని ఇద్దరు తల్లులు నాకు చెప్పారు. వాడంతట వాడు గీస్తే ఆట. మనం గీయమంటే హోంవర్కు.

బొంత, టబ్బు, బొమ్మలు

వారానికి ఒకరోజు, ఒకే వేళకి, అరగంట. రోజూ గంటసేపు ఆడిస్తానని మొదలుపెట్టిన అమ్మలు రెండో వారానికే మానేస్తారు, నాకు తెలుసు. ఈ అరగంట లెక్క నా సొంతం కాదు. 1960ల్లో అమెరికాలో గర్నీ అనే సైకాలజిస్టు దంపతులు తల్లిదండ్రులకే ఈ పద్ధతి నేర్పి, ఇంట్లో వారం వారం ఆడించడం మొదలుపెట్టారు. మూడేళ్ళ నుంచి పన్నెండేళ్ళ లోపు పిల్లలకి బాగా పనికొస్తుంది.

సింగ్‌నగర్‌లో చాలా ఇళ్ళకి ఉన్నదే ఒక గది. అందుకని మేము చోటు అంటే బొంత అనుకున్నాం. పాత బొంత పరిస్తే ఆట మొదలు, మడిచి పెడితే అయిపోయినట్టు. తమ్ముడో చెల్లో ఉంటే ఆ అరగంట పక్కింటి పిన్ని దగ్గర. ఫోన్ వేరే చోట. "ఒక్క వీడియో తీసుకుంటాను మేడమ్, వాళ్ళ నాన్నకి పంపాలి" అనే అమ్మలకి నేను కుదరదనే చెబుతాను.

బ్యాటరీతో తిరిగే బొమ్మలూ, పాటలు పాడే బొమ్మలూ వద్దు. అవి ఆడుతుంటే పిల్లాడు చూస్తూ కూర్చుంటాడు. నా సంచీలో ఉండేవి ఇవి: అమ్మ, నాన్న, ముసలమ్మ, ఇద్దరు పిల్లలు, ఒక చంటిపాప. ఇల్లులా నిలబెట్టే అట్టపెట్టె. లక్కపిడతలు. పులి, పాము, మొసలి. కుక్కపిల్ల, ఆవు, బాతు. పడవ, అంబులెన్సు, ఫైరింజన్, పోలీసు జీపు. డాక్టరు సెట్టు, ప్లాస్టిక్ కత్తి, బొమ్మ ఫోను, తాడు ముక్క, పాత చీర చెంగు, మైదాపిండి ముద్ద, రంగు పెన్సిళ్ళు, కాగితాలు. చిరిగిన సాక్సుకి రెండు బొత్తాలు కుట్టిన చేతిబొమ్మ ఒకటి. పులి, మొసలి, కత్తి ఎందుకని అడుగుతారు. కోపానికి కూడా ఒక బొమ్మ కావాలి కదా. అన్నీ నవ్వే బొమ్మలే పెడితే భయాన్నీ కోపాన్నీ ఎక్కడ పెట్టుకుంటాడు?

కొండపల్లి మాకు పక్కనే. తెల్లపొణికి చెక్క తేలిక, చిన్న చేతికి బాగా అమరుతుంది. కానీ తడిస్తే రంగు పోతుంది, విసిరితే విరుగుతుంది. అందుకని కొండపల్లివి రెండే పెట్టి, మిగతావి బీసెంట్ రోడ్డులో ప్లాస్టిక్‌వి కొన్నాను. బొమ్మలన్నీ కనిపించేలా వరసగా పెట్టండి, బుట్టలో కుప్పపోయకండి. సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టినప్పుడు చెయ్యి పెట్టిన పిల్లలందర్నీ నేనే కసిరేదాన్ని. ఇప్పుడు అదే చేత్తో బొమ్మలు సర్ది, ముట్టుకుంటారా లేదా అని ఎదురుచూస్తుంటాను.

ఇసుక తప్పకుండా ఉండాలి. 1920ల చివర లండన్‌లో మార్గరెట్ లోవెన్‌ఫెల్డ్ అనే పిల్లల డాక్టరు ఇసుక ట్రే, దాని పక్కన బోలెడు చిన్న చిన్న వస్తువులు పెట్టి పిల్లల ముందుంచారు. పిల్లలే దానికి 'ప్రపంచం' అని పేరు పెట్టుకున్నారు. తర్వాత వచ్చినవాళ్ళు ట్రే అడుగున నీలం రంగు వేయడం మొదలుపెట్టారు, ఇసుక పక్కకి జరిపితే నీళ్ళు కనిపించాలని. అసలు ట్రే రెండున్నర అడుగుల పొడవు, అడుగున్నర పైచిలుకు వెడల్పు, మూడంగుళాల లోతు ఉంటుంది. నేను బట్టలు నానబెట్టే నీలం ప్లాస్టిక్ టబ్బు కొన్నాను. ఇసుక జల్లించి, కడిగి, రెండు రోజులు ఎండబెట్టాను. (మా జిల్లాలో ఇసుక గురించి ఇంతకంటే మాట్లాడితే రాజకీయమవుతుంది.) పక్కన చెంబుడు నీళ్ళు.

బుడ్డోడు మొదటి రోజు బొమ్మల జోలికే పోలేదు. టబ్బు ముందు గొంతుక్కూర్చుని ఇసుకని అంచుల దాకా పరిచాడు. ఎక్కడైనా రవ్వంత నీలం కనిపిస్తే దాని మీద ఇసుక వేసి అరచేత్తో తట్టేవాడు. అరగంటా అదే పని. పుస్తకం చెప్పింది కదా అని నీలం టబ్బు కొన్న నాకు అప్పుడు గుండె జారింది. వరదలో తడిసిన పిల్లాడి ముందు నీలం పెట్టానేంటి! నాకు నేర్పిన మేడమ్‌ని అడిగితే, "టబ్బు తీసేయకండి, పక్కన ఇంకో రంగుది కూడా పెట్టండి" అన్నారు. వారం తర్వాత మట్టిరంగు టబ్బు పెట్టాను. వాడు దానివైపు చూసి, మళ్ళీ నీలం దాని ముందే కూర్చున్నాడు. వాడి పని అక్కడుంది.

ఆ అరగంటలో

బొంత పరిచి ఒక్క మాట చెప్పండి: "ఇక్కడ నీకు నచ్చినట్టు ఆడుకోవచ్చు. ఏదైనా చేయకూడనిది ఉంటే నేను చెప్తాను." తర్వాత నేల మీద, వాడి కళ్ళ ఎత్తులో కూర్చోండి. కుర్చీలో కూర్చుంటే మీరు ఇన్విజిలేటర్.

అడగకండి. ఇది రాయడం తేలిక, చేయడం ఎంత కష్టమో నాలాంటి టీచర్లకి తెలుస్తుంది. "ఏం చేస్తున్నావు? అదేంటి? ఎందుకు మునిగింది? మరి పోలీసుని పిలవాలిగా?" మన నోటికి అలవాటైన మాటలన్నీ ప్రశ్నలే. వాటి బదులు కళ్ళకి కనిపించింది కనిపించినట్టు, నెమ్మదిగా అనండి. "దాన్ని లోపల పెట్టావు." కాసేపాగి, "మళ్ళీ తీశావు." "గట్టిగా నొక్కుతున్నావు." క్రికెట్ కామెంటరీలా గుక్కతిప్పుకోకుండా కాదు, ఆకాశవాణి వార్తల కంటే కూడా నిదానంగా. మాట లేకపోయినా ఫరవాలేదు.

వాడు పేరు పెట్టకముందు మీరు పేరు పెట్టకండి. మీకు ఫైరింజన్‌లా కనిపించింది వాడికి అమ్మమ్మ ఇల్లు కావచ్చు. ఒకసారి నేను "బస్సు వెళ్తోంది" అన్నాను. "బస్సు కాదు, పాల ప్యాకెట్" అన్నాడు బుడ్డోడు, ఇంత కూడా తెలీదా అన్నట్టు. అందుకే వాడు చెప్పేదాకా 'అది', 'ఇది', 'వాళ్ళు'.

భయం, ఏడుపు, కోపం బొమ్మకే అంటగట్టండి, పిల్లాడికి కాదు. "ఎంత అరిచినా ఎవరికీ వినబడట్లేదని కుక్కపిల్లకి భయంగా ఉన్నట్టుంది" అనండి. "నీకూ అప్పుడు అలాగే అనిపించింది కదూ" అన్నారో, ఆట అక్కడితో సరి. కుక్కపిల్ల వెనక దాక్కున్నవాణ్ణి చెవి పట్టుకుని బయటికి లాగినట్టే.

మెచ్చుకోవడం కూడా తగ్గించండి. "అబ్బ, ఎంత బాగుందో" అంటే మళ్ళీ మీకు నచ్చేదే చేస్తాడు. "ఒక్కడివే కట్టావు", "పడిపోయినా మళ్ళీ పెట్టావు" అంటే చాలు. 1940ల్లో వర్జీనియా ఆక్స్‌లైన్ అనే అమెరికా సైకాలజిస్టు ఈ పనికి ఎనిమిది సూత్రాలు చెప్పారు. దారి పిల్లాడు చూపిస్తాడు మనం వెనక నడుస్తాం అన్నదొకటి, తొందరపెట్టొద్దు అన్నదొకటి. మిగతా ఆరూ మర్చిపోయినా ఈ రెండూ పట్టుకుంటే బండి నడుస్తుంది.

వాడు మిమ్మల్ని ఆటలోకి లాగితే, గొంతు తగ్గించి "ఇప్పుడు నేనేమనాలి?" అని వాణ్ణే అడగండి. ఈ ఒక్క ప్రశ్నకి మాత్రం పర్మిషన్ ఉంది. బుడ్డోడు నన్ను డాబా మీద ఇరుక్కున్న మనిషిని చేశాడు. నేనేమనాలి అంటే "ఏడవాలి" అన్నాడు. ఏడ్చాను. "ఇంకా గట్టిగా. డ్రోన్‌కి వినబడాలి." ఇంకా గట్టిగా ఏడ్చాను. కింద నుంచి ఇంటి ఓనరుగారు చెప్పులు కూడా లేకుండా పరుగెత్తుకొచ్చారు. వరదప్పుడు డాబాల మీదికి డ్రోన్లతో కూడా అన్నం ప్యాకెట్లు వేశారు. అంత ఎత్తున ఎగిరేదానికి తన ఏడుపు ఎలా వినబడుతుందో వాడికి అర్థం కాలేదని, ఆ రోజు నాకర్థమైంది. నేనడిగి ఉంటే ఈ మాట వాడి నోట వచ్చేది కాదు.

ముగించడానికి ఐదు నిమిషాల ముందు ఒకసారి, ఒక్క నిమిషం ఉందనగా ఇంకోసారి చెప్పండి. టైమ్ అయ్యాక సాగదీయొద్దు, ఏడ్చినా సరే. "ఇంకా ఆడాలనుంది నీకు. వచ్చే బుధవారం బొంత మళ్ళీ పరుస్తాను" అనండి, పరవండి. ఆ బుధవారం తప్పకూడదు. ఒక రాత్రిలో అన్నీ తారుమారైన పిల్లాడికి, చెప్పిన రోజున చెప్పిన వేళకి బొంత పరవడం మందులాంటిది.

నేను చేసిన తప్పు

మూడో వారం బుడ్డోడు అమ్మ బొమ్మని టబ్బు అడుగున పడుకోబెట్టి పైన ఇసుక పోశాడు. చెంబులో నీళ్ళు పోసి గట్టిగా తట్టాడు. తర్వాత చేతులు కట్టుకుని చూస్తూ కూర్చున్నాడు. నిమిషం, రెండు నిమిషాలు. నాకు ఊపిరాడలేదు. ఇరవై రెండేళ్ళ టీచరుద్యోగం ఊరుకోనివ్వదు కదా. పడవ తీసుకుని "అదిగో బోటొచ్చేసింది! అమ్మని తీసేద్దామా?" అని బొమ్మని పైకి తీసేశాను.

వాడు నన్నొకసారి చూశాడు. లేచి చెప్పులేసుకున్నాడు. తర్వాత రెండు వారాలు ఇసుక ముట్టుకోలేదు. కారు ఒకటి అటూ ఇటూ నడుపుతూ కూర్చున్నాడు, నన్ను సంతోషపెట్టడానికన్నట్టు.

వాళ్ళమ్మతో మాట్లాడాక తెలిసింది. ఆ ఆదివారం ఆవిడ నడుములోతు నీళ్ళలో పాల కోసమని ఫ్లైఓవర్ వైపు వెళ్ళి, ఉధృతి పెరిగి, తిరిగి రాలేక ఆ రాత్రంతా అవతలే ఉండిపోయింది. ఆ రాత్రి వాడికి అమ్మ లేదు. ఆ లేకపోవడాన్ని వాడు తన చేతుల్తో పెట్టి, ఎంతసేపు ఓర్చుకోగలడో చూసుకుంటున్నాడు. నేను రెండు నిమిషాలు ఓర్చుకోలేకపోయాను. నేను తీసింది వాళ్ళమ్మని కాదు, నా టెన్షన్‌ని.

వాడికి చెప్పాను: "ఆ రోజు నువ్వు పెట్టిన బొమ్మని నేను తీశాను. నిన్ను అడగాల్సింది." ఏమీ అనలేదు. ఆ పై వారం అమ్మ బొమ్మ మళ్ళీ ఇసుక కిందికి వెళ్ళింది. ఈసారి నేను నా చేతులు నా ఒళ్ళోనే పెట్టుకున్నాను. "ఆవిడ కింద ఉంది. ఎవరికీ కనబడట్లేదు" అన్నాను. మూడు వారాలు అలాగే నడిచింది. నాలుగో వారం వాడే వేలితో తవ్వి తీశాడు. లక్కపిడతతో నీళ్ళు పోసి, ఫైరింజన్ పక్కన నిలబెట్టి, బొమ్మ జుట్టులో ఇసుకంతా కడిగాడు. నీళ్ళు తగ్గాక వాళ్ళ వీధిలో ఇళ్ళలోని బురద ఫైరింజన్లతోనే కడిగారు.

ఆట గానుగెద్దులా తిరుగుతుంటే

ఒకే ఆట వారాల తరబడి ఆడటం మామూలే. అందులో ఏదో ఒకటి మెల్లగా మారుతుండాలి, అంతే. ఒక బొమ్మ అదనంగా వస్తుంది, ముంచే వేగం తగ్గుతుంది, మధ్యలో ఒక నవ్వు. మార్పేమీ లేకుండా, మొహం బిగించుకుని, ఊపిరి బిగబట్టి, ఆడిన ప్రతిసారీ ఇంకా బెదిరిపోతుంటే అది వేరే సంగతి. 1976లో కాలిఫోర్నియాలోని చౌచిల్లా అనే ఊళ్ళో 26 మంది బడిపిల్లల్ని స్కూలు బస్సుతో సహా అపహరించి, భూమిలో పాతిపెట్టిన ట్రక్కు పెట్టెలోకి దించారు. దాదాపు 16 గంటలకి వాళ్ళూ డ్రైవరూ తప్పించుకుని బయటపడ్డారు. ఆ పిల్లల్ని తర్వాత కలిసి చూసిన లెనోర్ టెర్ అనే మానసిక వైద్యురాలు గమనించింది ఇదే: వాళ్ళ ఆటలో సరదా లేదు, ఎంత ఆడినా భయం తగ్గడం లేదు. మా శవాల ఆట ఏ రకమో నాకిప్పటికీ తేలలేదు. తేలనివ్వలేదు కదా.

అలాంటప్పుడు ఆపకుండా, కాస్త కదిలించండి. "ఈ డాబా మీద వీళ్ళు కాక ఇంకెవరైనా ఉన్నారా?" "ఈ ముసలమ్మకి ఎవరైనా వినిపించుకుంటే బాగుండు." చెప్పి వదిలేయండి, పట్టించుకోకపోతే మళ్ళీ అనకండి. నాలుగైదు వారాలకీ కదలకపోతే మీ చేతిలో పని కాదని ఒప్పుకుని, నేర్చుకున్నవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి.

ఆడుతూ ఆడుతూ పిల్లాడు కొయ్యబారిపోతే, పిలిచినా పలక్కపోతే, ఆట ఆపేయాలి. ఇది ఒక్కటే ఆపాల్సిన సందర్భం. చల్లటి నీళ్ళ గ్లాసు చేతికివ్వండి, పాదాలు నేలకి ఆనించండి, ఎక్కడున్నాడో, ఎవరు పక్కనున్నారో మెల్లగా చెప్పండి. నేనైతే పిచ్చుకగూళ్ళు కట్టిస్తాను. పాదం మీద తడి ఇసుక పోసి, తట్టి, గూడు కూలకుండా కాలు వెనక్కి తీయాలి. తొందరపడితే కూలిపోతుంది, అందుకని ఊపిరి దానంతటదే నెమ్మదిస్తుంది. ఇది నాకు ఏ కోర్సులోనూ నేర్పలేదు, కృష్ణ ఒడ్డున పుట్టిన ప్రతి పిల్లకీ వచ్చు.

కొట్టబోయినా, ఇసుక కళ్ళలోకి విసరబోయినా, మూడే ముక్కలు, అదే వరసలో: "నీకు చాలా కోపంగా ఉంది. నేను కొట్టించుకోవడానికి లేను. కొట్టాలంటే ఆ దిండు ఉంది." ముందు కోపం గుర్తించాలి, తర్వాత హద్దు చెప్పాలి, తర్వాత దారి చూపాలి. హద్దుతో మొదలుపెడితే అది ఉత్త తిట్టు.

తొమ్మిది, పది దాటిన పిల్లలు బొమ్మలంటే చిన్నతనం అనుకుంటారు. వాళ్ళతో పులి-మేక ఆడండి. మూడు పులులు, పదిహేను మేకలు. పులులు వాళ్ళకిస్తే ఎలా ఆడతారో, మేకలిస్తే ఎలా ఆడతారో చూస్తే చాలా తెలుస్తుంది. చూపు బల్ల మీద ఉంటే నోరు దానంతటదే కదులుతుంది.

ఆటలో ఇంకేదో బయటపడితే

శిబిరాల్లో, కిక్కిరిసిన గదుల్లో పిల్లలకి వేరే రకం హాని కూడా జరుగుతుంది. బొమ్మలతో పిల్లలు చేయకూడని పనులు చేయించినా, "ఎవరికీ చెప్పొద్దన్నాడు" లాంటి మాట వచ్చినా, మొహంలో కంగారు కనబడనీయకండి. తవ్వి తవ్వి అడగకండి. "చూపించు ఎక్కడ ముట్టుకున్నాడో" అని మీరు బొమ్మ చేతికివ్వకండి, తర్వాత వాంగ్మూలం చెడిపోతుంది. "నాకు చెప్పి మంచి పని చేశావు, నీ తప్పేం లేదు" అనండి. "ఎవరికీ చెప్పను" అని మాత్రం మాటివ్వకండి, ఎందుకంటే చెప్పి తీరాలి. పిల్లల మీద లైంగిక నేరాలకి సంబంధించిన 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసినవాళ్ళెవరైనా పోలీసులకి చెప్పాల్సిందే. చెప్పకపోతే ఆరు నెలల దాకా శిక్ష ఉంది. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చు. పిల్ల అన్న మాటలు ఆమె మాటల్లోనే, ఆ రోజే కాగితం మీద రాసి తేదీ వేసుకోండి. పరువు గురించి బంధువులు మాట్లాడతారు. మాట్లాడనీయండి.

ఎవరి దగ్గరికి

14416, టెలిమానస్, అంటే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్. ఫోన్ చేస్తే డబ్బు పడదు, తెలుగులో మాట్లాడతారు. ఎక్కడికి వెళ్ళాలో వాళ్ళే చెబుతారు. ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంటుంది. అక్కడికెళ్తే పిచ్చి అంటారేమో అని భయపడేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే: జ్వరమొస్తే వీధి చివర ఆర్‌ఎంపీకి చూపించి, తగ్గకపోతే పెద్దాసుపత్రికి వెళ్ళమా? ప్లే థెరపీ అని బోర్డు కనిపించగానే డబ్బు కట్టేయకండి. ఎక్కడ నేర్చుకున్నారు, ఎన్నాళ్ళు, మీ పని ఎవరు చూసి సరిదిద్దుతారు అని అడగండి. క్లినికల్ సైకాలజిస్టులైతే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబరుంటుంది, చూపించమనండి. విసుక్కుంటే అక్కణ్ణుంచి వచ్చేయండి.

ఇంకొకటి. వాన పడితే మీకే వణుకొస్తుంటే ముందు మీ సంగతి చూసుకోండి. ఆ వారాల్లో బొంత మీద నాన్న కూర్చోవచ్చు, పిన్ని కూర్చోవచ్చు. నాన్నలు మొదట సిగ్గుపడతారు, తర్వాత లేవరు.

బుడ్డోడి సంగతి. మరుసటి జూలైలో ఒక బుధవారం, బయట వాన. వాడు టబ్బులో ఇసుకని రెండు చేతులతో చీల్చి, పొడుగ్గా నీలం కనబడేలా కాలవ తీశాడు. నేను ఊరుకున్నాను. చీపురుపుల్లలు విరిచి మూడు చోట్ల గుచ్చి, లక్కపిడత మూతలు అడ్డం పెట్టాడు. "ఇవి గేట్లు" అన్నాడు. చెంబుతో నీళ్ళు పోసి చూశాడు. కారింది. ఇంకాస్త ఇసుక తట్టాడు. మళ్ళీ పోశాడు. ఆగింది.

"టీచర్, నువ్విక్కడ కాపలా ఉండు. నిద్రపోకు."

"నేనేం చేయాలి?"

"చూస్తా ఉండు. నీళ్ళెక్కువైతే నన్ను పిలువు."

వాన తెరిపిచ్చింది. కింద పిల్లలు తడి నేల మీదే బంతి మొదలుపెట్టినట్టున్నారు, అరుపులు వినిపిస్తున్నాయి. "ఇంకా ఐదు నిమిషాలుంది" అన్నాను, అలవాటుగా. వాడప్పటికే మెట్లు దిగుతున్నాడు.